తొట్టిలో తేమకు ఒక్క అంకె చాలదు

కిణ్వనం అనగానే మీకు ద్రవం నిండిన పాత్రే గుర్తుకొస్తుంది. కాని కొన్ని బూజులకు తడిసిన గింజో, తవుడో చాలు. జపానులో సోయా సాసుకు మూలమైన ‘కోజి’ అలా తయారయ్యేదే. ఆ బూజునే గోధుమ తవుడుపై పెంచి, పిండిపదార్థాన్ని జీర్ణంచేసే ఎంజైమును తీసి, జోకిచి తకమినె 1894లో అమెరికాలో పేటెంటు పొందాడు.

పళ్ళెంలో పెంచితే తేమ ఎంతో పిడికిట పట్టి చెప్పవచ్చు. టన్నుల తవుడు పట్టే తొట్టిలోనే చిక్కంతా. బూజు పెరిగేకొద్దీ వేడి పుడుతుంది. తవుడేమో మంచి ఉష్ణవాహకం కాదు. అందుకని అడుగునుంచి గాలి పంపుతారు. గ్రాము నీరు ఆవిరైతే సుమారు 580 కేలరీల వేడి పోతుంది. అంటే చల్లబరిచే గాలే ఎండబెడుతుంది కూడా! తేమ తగ్గితే బూజు ఎదగదు. ఎక్కువైతే తవుడు ముద్దకట్టి, గాలాడక, బాక్టీరియా చేరుతుంది.

చిటికెడు తవుడు తీసి 105 డిగ్రీల వద్ద ఎండబెట్టి తూచడం నమ్మదగిన పద్ధతే. కాని ఫలితం తెలిసేసరికి గంటలు గడుస్తాయి. పరారుణ కిరణాల పరికరం క్షణంలో చెబుతుంది, అయితే పైపొర సంగతే. నన్నడిగితే, పైన అమర్చిన ఒక్క ఖరీదైన పరికరం కన్నా వేర్వేరు లోతుల్లో గుచ్చిన సాదా పరికరాలే మేలు. సగటు తీయడం లెక్కల క్లాసులో నేర్పుతాం. అది ఏం దాస్తుందో చెప్పం. పొడిగాలి తగిలే అడుగున 40 శాతం, పైన 60 శాతం తేమ ఉందనుకోండి. సగటు 50. ఆ అంకె బాగుందని ఊరుకుంటే అడుగున బూజు ఎండిపోతూనే ఉంటుంది.