నిండిన చిట్టా, ఆగిన ఫ్యాక్టరీ

2023 ఆగస్టు 29న జపాన్‌లో టొయోటా కార్ల తయారీ ఆగిపోయింది. దేశంలోని 14 ప్లాంట్లలో 28 లైన్లు నిలిచిపోయాయి. సైబర్ దాడేమోనన్న అనుమానాలు చెలరేగాయి. కంపెనీ తర్వాత చెప్పిన కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు: సర్వర్లలో డిస్క్ జాగా చాలలేదు. రెండు రోజుల ముందు మామూలు నిర్వహణ పనుల్లో భాగంగా డేటాబేస్‌లో పేరుకున్న సమాచారాన్ని తొలగించి సర్దుతుండగా జాగా అయిపోయి, విడిభాగాల ఆర్డర్ల వ్యవస్థ స్తంభించింది. బ్యాకప్ యంత్రాలూ అదే వ్యవస్థ మీద నడుస్తుండటంతో అవీ ఆదుకోలేకపోయాయి. ఎక్కువ జాగా ఉన్న సర్వర్‌కు డేటాను మార్చాక గానీ పని మొదలుకాలేదు.

చెత్త ఊడుస్తుంటే ఇల్లు నిండటమేమిటి? టొయోటా ప్రకటన అంత లోతుకు వెళ్లలేదు గానీ డేటాబేస్‌లు నడిపేవారికి ఈ వింత కొత్త కాదు. పాతకాలం షావుకారు ఏ లావాదేవీ అయినా ముందు చిట్టాలో రాసి, తర్వాత ఆవర్జాకు ఎక్కించేవాడు. డేటాబేసూ అంతే. ప్రతి మార్పూ ముందు ట్రాన్సాక్షన్ లాగ్‌కు ఎక్కాలి. తొలగింపు కూడా మార్పే. పది లక్షల వరుసలు తుడిచేస్తే, తుడిచిన సంగతంతా చిట్టాలో చేరుతుంది. అందులో చోటు లేకపోతే కొత్త పద్దు పడదు. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఈ రోగానికి 9002 అని ఒక నంబరే ఉంది.

రోజూ రాత్రి పూర్తి బ్యాకప్ తీస్తున్నాం కదా అని నిశ్చింతగా ఉండే ఆఫీసులు పొరబడేది ఇక్కడే. ఆ సర్వర్‌లో ‘ఫుల్ రికవరీ’ పద్ధతిలో ఉన్న డేటాబేస్‌కు పూర్తి బ్యాకప్ ఎన్నిసార్లు తీసినా చిట్టా ఖాళీ కాదు. లాగ్‌కు విడిగా బ్యాకప్ తీస్తేనే పాత పేజీలు మళ్లీ వాడకానికి వస్తాయి. పావుగంటకోసారి తీస్తుంటే జాగా దొరుకుతుంది, యంత్రం కాలిపోయినా పోయేది దాదాపు పావుగంట పనే. కాకపోతే ఇవన్నీ గొలుసు లింకులు. మధ్యలో ఒకటి పోతే దాని తర్వాతివి అక్కరకు రావు, మరో పూర్తి బ్యాకప్ నుంచి మొదలుపెట్టాల్సిందే.

మరి ఎన్నాళ్లు దాచాలి? డిస్క్ ఖర్చు చూసి రెండు రోజులు చాలనేవారున్నారు. అడగాల్సిన ప్రశ్న అది కాదు. తప్పు జరిగిందని మనకు ఎన్నాళ్లకు తెలుస్తుంది? శుక్రవారం సాయంత్రం ఎవరో చెరిపేసిన పట్టిక సంగతి సోమవారం గానీ బయటపడదు. అప్పటికి శుక్రవారం నాటి చిట్టాతో పాటు దాని ముందటి పూర్తి బ్యాకప్ కూడా ఉండాలి, అదీ వేరే డిస్క్ మీద. (2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ 180 రోజులు దాచమన్న లాగ్‌లు వేరు. అవి భద్రతా దర్యాప్తుల కోసం. వాటితో డేటా తిరిగి రాదు.)

అన్నిటికంటే ప్రమాదం కంగారు. అర్ధరాత్రి డిస్క్ నిండితే ముందుగా కంటపడేది ‘లాగ్’ అని పేరున్న పెద్ద ఫోల్డరే. పోస్ట్‌గ్రెస్‌లో ఆ ఫోల్డర్‌ను పీజీ_ఎక్స్‌లాగ్ అనేవారు. పనికిరాని రికార్డులనుకుని దాన్ని చెరిపేసి డేటాబేస్‌నే పోగొట్టుకున్నవారు ఉండటంతో, 2017లో వచ్చిన పదో వెర్షన్‌లో దాని పేరు పీజీ_వాల్‌గా మార్చారు. ‘లాగ్’ అన్న మాట కనిపించకుండా!