అవతల పడ్డ బంతి ఎవరిది?

మా పుస్తకాల అలమరలో, నిఘంటువుల పక్కన, ఒక తెల్లని తోలుబంతి ఉంది. ఎర్రదారంతో వేసిన 108 జోడు కుట్లు, అయిదు ఔన్సుల పైచిలుకు బరువు. దానిమీద ఎవరి సంతకమూ లేదు. ఏ రికార్డుతోనూ దానికి సంబంధం లేదు. అమ్మజూపితే కొనేవాడు దొరకడు. అయినా ఇరవై ఏళ్ళకు పైగా ఆ బంతి నాదా, కాదా అన్న వ్యాజ్యం నాలో నడుస్తూనే ఉంది. బేస్‌బాల్ పట్ల ఆసక్తి లేని మిత్రులు కాస్త ఓపిక పట్టండి. ఈ టపాలో ఆటకన్నా సొత్తు గొడవే ఎక్కువ.

దీన్ని వ్రాయడానికి నన్ను పురికొల్పినది 2025 సెప్టెంబరు 5న మయామిలో జరిగిన ఒక సంఘటన. ఫిలడెల్ఫియా జట్టు ఆటగాడు హారిసన్ బేడర్ కొట్టిన హోమ్ రన్ ప్రేక్షకుల మధ్య పడింది. ఒక తండ్రి పరుగున వెళ్ళి బంతిని దొరకబుచ్చుకుని, తిరిగివచ్చి కొడుకు చేతిలో పెట్టాడు. వెనుకనే ఒకావిడ వచ్చి, అది తనకే చెందాలని ముఖం మీదనే గద్దించింది. గొడవ ఎందుకనుకున్నాడో ఏమో, ఆయన కొడుకు దగ్గరనుంచి బంతి తీసి ఆవిడకిచ్చేశాడు. తర్వాత ఆ పిల్లవాడికి బేడర్ స్వయంగా సంతకం చేసిన బ్యాటు ఇచ్చాడు, అది వేరే సంగతి. ఆ దృశ్యం మాత్రం లోకమంతా పాకింది. ఆవిడ ఎవరో కనిపెట్టేశామంటూ జనం ఏ పాపమూ ఎరుగని ఇతర స్త్రీల పేర్లు బయటకు లాగి తిట్టిపోశారు.

ఆవిడ చేసినది తప్పే, సందేహం లేదు. కానీ ఆ తప్పు ఏ ధర్మానికి విరుద్ధం? ఆ ధర్మం ఎక్కడ వ్రాసి ఉంది?

బేస్‌బాల్ నియమావళిలో హోమ్ రన్ అంటే ఏమిటో స్పష్టంగానే ఉంది. కొట్టిన బంతి హద్దురేఖల మధ్యగా, గాలిలోనే, కంచె దాటాలి. కొట్టినవాడు నాలుగు బేసులనూ వరుసగా తాకి రావాలి. ప్రేక్షకుడు మైదానంలోకి చెయ్యి చాచి బంతిని అడ్డుకుంటే అంపైరు ఏం చెయ్యాలో కూడా ఉంది. (1996 అక్టోబరులో న్యూయార్కులో పన్నెండేళ్ళ బాలుడొకడు అలాగే చెయ్యి చాచి డెరెక్ జీటర్ కొట్టిన బంతిని లోపలికి లాగేశాడు. అంపైరు దాన్ని హోమ్ రన్ అన్నాడు. రీప్లే చూశాక పొరబడ్డానని ఒప్పుకున్నాడు.) అయితే కంచె దాటిన బంతి చివరికి ఎవరికి దక్కాలన్నది మాత్రం ఆట నియమాలకు అక్కర లేదు. ఆ రాజ్యాంగమంతా ప్రేక్షకులే, తరాల తరబడి, నోటితోనూ మోచేతులతోనూ రాసుకున్నారు.

క్రికెట్‌తో పెరిగిన మనకు ఇది వింతగా తోస్తుంది. సిక్సరు వెళ్ళి జనంలో పడితే బంతి తిరిగిరావలసిందే, ఎందుకంటే బంతి అరగడం కూడా ఆ ఆటలో భాగం. ఇక మా వీధి క్రికెట్‌లో అయితే, బంతి గోడ దాటితే కొట్టినవాడు అవుట్. గోడ దూకి తేవలసినవాడూ వాడే. బంతికి చందా వేసుకున్న పది మందిమి గోడకివతల ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళం.

బేస్‌బాల్‌లోనూ మొదట్లో బంతిని తిరిగి ఇవ్వవలసిందే. బంతి ఖరీదు, యజమానుల పిసినారితనం. 1916లో చికాగో కబ్స్ యజమాని చార్లెస్ వీగ్‌మన్, దొరికిన బంతిని ప్రేక్షకులు ఉంచుకోవచ్చునన్నాడు. మిగిలిన యజమానులకు అది రుచించలేదు. 1921 మేలో న్యూయార్కు పోలో గ్రౌండ్స్‌లో రూబెన్ బర్మన్ అనే యువకుడు తన దగ్గరకు వచ్చిన ఫౌల్ బంతిని ఇవ్వనన్నాడు. మైదానం సిబ్బంది ఆయనను బయటకు గెంటారు. ఆయన దావా వేసి 100 డాలర్లు గెలుచుకున్నాడు. అంతకు ముందటి ఆగస్టులోనే రే చాప్‌మన్ అనే ఆటగాడు తలకు బంతి తగిలి మరణించాడు. మాసిన బంతి కంటికి సరిగా ఆనదన్న భయంతో ఎప్పటికప్పుడు కొత్త బంతులు తెచ్చే పద్ధతి అప్పుడే బలపడింది. ఒకే బంతితో ఆటంతా నెట్టుకురావలసిన అవసరం తీరాక, ఒక్క బంతి కోసం డబ్బిచ్చి వచ్చినవాడితో కుస్తీ పట్టడంలో అర్థం లేకపోయింది.

ఇంతవరకు అది పదణాల ఆనందం. రికార్డులకు వెలకట్టడం మొదలయ్యాక కథ మారింది.

1976 జులై 20న మిల్వాకీలో హ్యాంక్ ఆరన్ తన 755వ హోమ్ రన్ కొట్టాడు. అదే ఆఖరిదవుతుందని ఆ రోజున ఎవరికీ తెలియదు. బంతి మైదానంలో పనిచేసే ఒక కుర్రవాడికి దొరికింది. తానే స్వయంగా ఆరన్‌కు అందజేస్తానన్నాడు, వీల్లేదన్నారు. ఇవ్వనన్నాడు. ఉద్యోగం పోయింది. పైగా బంతి ఖరీదు కింద జీతంలోంచి 5 డాలర్లు కోశారు! 1999లో అది వేలంలో ఆరు లక్షల డాలర్లకు పైగా పలికింది. అతను అందులో కొంత ఆరన్ ధర్మసంస్థకే ఇచ్చాడు. ఈ కథలో పెద్దమనిషి ఎవరో నేను చెప్పనక్కర లేదు.

దీనికి విరుద్ధమైన కథ 1998 సెప్టెంబరు 8 నాటిది. మార్క్ మెగ్వైర్ కొట్టిన 62వ హోమ్ రన్ బంతి సెయింట్ లూయీలో మరో మైదానపు ఉద్యోగికి దొరికితే, మారు మాట లేకుండా తీసుకెళ్ళి మెగ్వైర్ చేతిలో పెట్టాడు. దేశమంతా అతన్ని మెచ్చుకుంది. ఆదాయపుపన్ను శాఖ ప్రతినిధి ఒకరు మాత్రం, అలా ఉచితంగా ఇచ్చినవాడి మీద బహుమతి పన్ను పడవచ్చునన్నాడు. జనం భగ్గుమనేసరికి ఆ శాఖ అధిపతే వచ్చి అదేమీ లేదని సర్దిచెప్పవలసి వచ్చింది. అదే ఏడు మెగ్వైర్ 70వ బంతిని ఉంచుకున్న ప్రేక్షకుడికి సుమారు 30 లక్షల డాలర్లు వచ్చాయి. 2010లో మెగ్వైర్ తాను ఉత్ప్రేరకాలు వాడానని ఒప్పుకున్నాడు. కొన్న పెద్దమనిషి, బొమ్మల కథల రచయిత టాడ్ మెక్‌ఫర్లేన్, దాన్ని చూసుకుని ఏమనుకున్నాడో!

ఇక అసలు వ్యాజ్యానికి వస్తాను. 2001 అక్టోబరు 7, శాన్ ఫ్రాన్సిస్కో. బారీ బాండ్స్ 73వ హోమ్ రన్. బంతి ఒకాయన గ్లౌజులో పడింది. మరుక్షణం జనం మీద పడి ఆయన్ను నేలకు తొక్కేశారు. ఆ తోపులాటలో తానూ కిందపడ్డ మరొకాయనకు బంతి నేలమీద కనిపిస్తే తీసుకున్నాడు. మొదటాయన కోర్టుకెక్కాడు. న్యాయమూర్తి కెవిన్ మెకార్తీ 2002 డిసెంబరులో ఇచ్చిన తీర్పు చదవదగినది. బ్యాటు తగిలేవరకు బంతి నిర్వాహకులది, తగిలిన క్షణం నుంచి కావాలని వదిలేసిన వస్తువు, ఆ పైన మొదట స్వాధీనం చేసుకున్నవాడిదే, అన్నాడాయన. మరి స్వాధీనమంటే ఏమిటి? దానికాయన తిమింగలాల వేట, మృగాల వేట తాలూకు పాత వ్యాజ్యాలన్నీ తిరగవేశాడు. మన అరణ్యపర్వంలో అర్జునుడూ కిరాతుడూ ఒకే వరాహం మీద చెరో బాణం వేసి, నాదంటే నాదని కొట్టుకున్నది ఈ చిక్కుప్రశ్న మీదనే కదా! అక్కడ ప్రతివాది సాక్షాత్తు శివుడు కాబట్టి పాశుపతంతో తేలిపోయింది.

ఇక్కడ అంత సులువుగా తేలలేదు. మొదటాయన బంతిని పూర్తిగా పట్టినట్టు రుజువు కాలేదు. పట్టే అవకాశాన్ని మాత్రం జనం అక్రమంగా లాక్కున్నారు. రెండవాయన ఏ తప్పూ చెయ్యలేదు. కనుక చెరిసగం, అమ్మి పంచుకోండి, అన్నాడు న్యాయమూర్తి. 2003 జూన్‌లో 450,000 డాలర్లకు పోయింది. కొన్నది మళ్ళీ మెక్‌ఫర్లేనే. మొదటాయనకు వచ్చిన వాటాకన్నా న్యాయవాది అడిగిన రుసుమే ఎక్కువని తర్వాత వార్తలొచ్చాయి.

సగం తీర్పు పిరికి తీర్పని అప్పట్లో వాదించాను. ఇప్పుడు అనను. ఆయన చెప్పినదాంట్లో నాకు విలువైనదిగా తోచేది, చేతికి అందబోతున్న బంతిమీద కూడా మనిషికి కొంత హక్కుంటుందన్న మాట. ఆ హక్కుకు తోటి ప్రేక్షకుడు కట్టుబడాలి. ఆ తరువాత దానిమీద మరెవరికీ, ఆటగాడికి గాని, జట్టుకు గాని, కొనబోయేవాడికి గాని, దూరంనుంచి తీర్పులు చెప్పే లోకానికి గాని, ఏ హక్కూ లేదన్నది నా దృఢాభిప్రాయం. టిక్కెట్టు నుంచి చారెడు వేరుశనగల దాకా ప్రతిదీ అమ్ముకునేవాళ్ళు, బంతి దగ్గరకు వచ్చేసరికి మాత్రం ప్రేక్షకుడినుంచి త్యాగం కోరడం నాకు రుచించదు. 2024 సెప్టెంబరులో షోహెయ్ ఒతానీ కొట్టిన 50వ హోమ్ రన్ బంతి దాదాపు 44 లక్షల డాలర్లకు పోయింది. తన చేతిలోంచి గుంజుకున్నారని ఒక యువకుడు దాని మీదా దావా వేశాడు. అతని పట్ల నాకు సానుభూతి ఉంది. పట్టినవాడు అమ్ముకున్నాడని ముఖం చిట్లించేవారి పట్ల లేదు.

చికాగోలోని రిగ్లీ ఫీల్డ్‌లో ఎదుటి జట్టు హోమ్ రన్ కొడితే ఆ బంతిని మైదానంలోకి తిరిగి విసిరేయాలన్నది ఆచారం. విసరకపోతే చుట్టుపక్కలవాళ్ళు ఊరుకోరు. కోపంతో తనంతట తాను విసిరితే అందం గాని, వెయ్యిమంది అరుపులకు జడిసి విసరడం ఏమి ముచ్చట? కొందరు గడుసువాళ్ళు సంచీలో మరో పాతబంతి తెచ్చుకుని, దాన్ని విసిరి, అసలుది దాచుకుంటారు. వాళ్ళంటే నాకు గౌరవం.

ఇక నా బంతి. 2004 వేసవి, ఓక్లండ్. తెలిసినవాళ్ళిచ్చిన టిక్కెట్లు, ఎడమవైపు కంచె వెనుక సీట్లు. మా అబ్బాయికి అయిదేళ్ళు. ముందు వరుసలో ఒక పెద్దాయన, నలిగిన గ్లౌజు, ఒళ్ళో స్కోరు పుస్తకం. ముప్పై ఏళ్ళుగా వస్తున్నానని, ఒక్క బంతీ దొరకలేదని నవ్వుతూ చెప్పాడు. మావాడికి స్కోరు ఎలా వ్రాయాలో చూపించాడు. ఆరో ఇన్నింగ్స్‌లో బంతి నేరుగా ఆయన మీదికే వచ్చింది. గ్లౌజుకు తగిలింది, చిట్లి వెనక్కి ఎగిరి నా కాళ్ళ దగ్గర పడింది. తీసుకున్నాను. ఎవరో వీపు చరిచారు. ఆయన వెనక్కి తిరిగి చూసి, అభినందించి, స్కోరు పుస్తకంలో ఏదో వ్రాసుకున్నాడు.

న్యాయమూర్తి మెకార్తీ లెక్కన అది నిస్సందేహంగా నాది. ఆయన్ను ఎవరూ తొయ్యలేదు. బంతి దానంతటదే జారింది. ఇచ్చెయ్యమని ఎవరూ అరవలేదు. ఆ తరువాత మూడు ఇన్నింగ్స్‌లు జరిగాయి. అంటే దాదాపు గంట. ఆ గంటసేపూ ఆయన వీపు నాకు రెండడుగుల దూరంలో ఉంది. ఇద్దామా అనుకున్నాను. పిల్లవాడు రెండు చేతులా పట్టుకుని ఉన్నాడనుకున్నాను. వాడు కాసేపటికి నిద్రపోయాడు, బంతి నా చేతిలోకే వచ్చింది. అయినా ఇవ్వలేదు. ఆట అయిపోయాక ఆయన టోపీ సర్దుకుని, వాణ్ణి లేపకుండా నెమ్మదిగా గుడ్ నైట్ చెప్పి మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

మరుసటి వేసవిలో రెండుసార్లు బంతిని సంచీలో వేసుకుని అదే వరుసకు వెళ్ళాను. ఆయన కనిపించలేదు. అటువంటి బంతుల మీద తేదీ, కొట్టినవాడి పేరు వ్రాసి పెట్టుకోవడం ఇక్కడివాళ్ళకు అలవాటు. నేనింకా ఏమీ వ్రాయలేదు.