నిప్పుకోడి మరల వచ్చునా?

బిట్రగుంట కొండపై ప్రసన్న వేంకటేశ్వరుని సేవించి దిగుతుండగా ఒక యువసాధకుడు అడిగాడు: “అయ్యవారూ, హిమయుగంలో నశించిన మృగాలను శాస్త్రజ్ఞులు మరల పుట్టిస్తారట. ఇది బ్రహ్మదేవుని అధికారాన్ని అపహరించడం కాదా?”

ఆ మృగాల కథ మనకు దూరమైనది కాదు. మన పొరుగున ఉన్న ప్రకాశం జిల్లాలో 41,000 ఏళ్లనాటి ఉష్ట్రపక్షి గూడు లభించిందని బరోడా విశ్వవిద్యాలయ పురావస్తు శాస్త్రజ్ఞులు 2024లో ప్రకటించారు. ఉష్ట్రపక్షి అనగా మన నిప్పుకోడి. ఆ గూటిలో సుమారు 3,500 అండశకలాలు ఉన్నాయి. భారతదేశపు ఇట్టి ప్రాచీన శకలాల నుండే హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రజ్ఞులు లోగడ డీఎన్ఏను గ్రహించి, అది ఆఫ్రికా నిప్పుకోడికి జ్ఞాతియే అని నిరూపించారు.

బ్రహ్మదేవుని అధికారానికి ప్రయోగశాల వలన లోటు కలుగుతుందన్న భయం నాకు లేదు. నా ఆక్షేపణ వేరు. శబ్దానికి సంబంధం ఆకృతితోనే గాని వ్యక్తితో కాదని, వ్యక్తులు జనించి నశించినా ఆకృతి నిత్యమని శంకర భగవత్పాదులు దేవతాధికరణ భాష్యంలో నిర్ణయించారు. “అట్లయితే జాతి నశించనే లేదు, మరొక వ్యక్తిని పుట్టిస్తే దోషమేమి?” అని పూర్వపక్షి అడుగవచ్చు. పుట్టినది ఆ ఆకృతికి చెందిన వ్యక్తియేనా అన్నదే విచార్యం. 2025లో అమెరికాలో ‘డైర్ వుల్ఫ్’ పునర్జన్మించిందని ఒక సంస్థ చాటింది. వాస్తవానికి అవి బూడిదరంగు తోడేలు యొక్క 14 జన్యువులలో 20 మార్పులు చేయగా పుట్టిన పిల్లలు. పేరు పాతది, ప్రాణి కొత్తది. దీనిని పునర్జన్మ అనడం నాకు సమ్మతం కాదు. ఇక రోమశగజమైన మామత్ విషయంలో, ఇరువది రెండు నెలల గర్భభారాన్ని ఆసియా ఏనుగు మోయాలన్న ఆలోచన కూడా ఉంది. ఆ జాతియే క్షీణిస్తున్నది! పుట్టిన పిల్లకు మేత చూపే మంద ఏది?

నిజమైన పునర్దర్శనం మన సీమలోనే జరిగింది. 1848లో జెర్డన్ వలన లోకానికి తెలిసిన కలివికోడి 1900 తరువాత కానరాక, నశించిందనిపించుకొని, 1986లో కడప జిల్లాలో మరల కనబడింది. దానిని ఎవరూ పుట్టించలేదు. కలివి పొదలు మిగిలి ఉన్నందున అది మిగిలింది. తరువాత దాని కొరకు తెలుగుగంగ కాలువ మార్గాన్నే మార్చవలసి వచ్చింది. నిశాచరి గనుక అది మన కంట పడదు. లంకమల్లేశ్వరుని దర్శనానికి వెళ్లే భక్తులారా, అక్కడి ముళ్లపొదలను వంటచెరకుకై నరకకండి.