అనుభవం ఎక్కువైపోయిందట!

పెళ్ళిచూపుల్లో అమ్మాయి వయసు ఒకటి రెండేళ్ళు తగ్గించి చెప్పడం మన అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నదే. ఇప్పుడు ఉద్యోగం చూపుల్లో మగవాళ్ళ వయసు దాచవలసిన రోజులొచ్చాయండీ. నవ్వకండి, మా ఇంట్లో జరుగుతున్న సంగతే చెబుతున్నాను.

మావారికి నలభై తొమ్మిదేళ్ళు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 1999లో ఎం.సి.ఏ. పూర్తిచేసి, అమీర్‌పేటలో ఒక్క గదిలో అయిదుగురు కుర్రాళ్ళతో సర్దుకుంటూ కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని ఉద్యోగంలో చేరారు. మీకు గుర్తుండే ఉంటుంది, 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తేదీలు తప్పు లెక్కపెడతాయని ప్రపంచమంతా కంగారుపడిన రోజులవి. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి చివరి రెండంకెలే రాసేవారట. దాంతో కంప్యూటరుకి 1900కీ 2000కీ తేడా తెలియదు. అది సరిచేయడానికి మన పిల్లలు వేలల్లో కావలసివచ్చారు. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచింది కూడా 1998లోనే. ఆ రోజుల్లో చేరినవాళ్ళకి ఇప్పుడు యాభై అటూ ఇటూగా ఉంటాయి. ఒక్కసారిగా ఇంతమంది తెలుగువాళ్ళు సాఫ్ట్‌వేర్‌లో జుట్టు నెరిసిన వయసుకి రావడం ఇదే మొదలు. ఈ వయసులో ఉద్యోగం పోతే ఏం చేయాలో చెప్పడానికి మనింట్లో పెద్దవాళ్ళకి అనుభవం లేదు. మా మామగారు బడిపంతులుగా చేరి బడిపంతులుగానే రిటైరయ్యారు.

2025 ఏప్రిల్లో మావారిని కంపెనీవాళ్ళు పిలిచి, ప్రాజెక్టు అయిపోయింది, మీకు తగిన పని మా దగ్గర లేదు అన్నారు. ఆయన పనిలో లోపం ఉందని ఎవరూ అనలేదు. అనుంటే అదొక దారి, దిద్దుకునేవారు. ఆ ఏడాది జూలైలో టీసీఎస్ కూడా పన్నెండు వేల మందికి పైగా తగ్గిస్తామని ప్రకటించింది. అందులో ఎక్కువమంది మధ్య, పై స్థాయిల్లో ఉన్న అనుభవజ్ఞులేనని పేపర్లలో చదివాం. అది చదివాక ఆయన, "మనం ఒక్కళ్ళమే కాదన్నమాట" అన్నారు. దానికి సంతోషించాలో బాధపడాలో నాకు తెలియలేదు.

అప్పటినుంచి ఉద్యోగం వేట మొదలైంది. పాలు, కూరలు రాసుకునే నా నోట్‌బుక్కులోనే వెనకవైపు నుంచి దరఖాస్తులు రాయడం మొదలుపెట్టాను. ఏ తేదీన పంపారు, ఎవరు ఫోన్ చేశారు, ఏమన్నారు అని. నాలుగు నెలలు తిరిగేసరికి ఆ పేజీల్లో ఒకే మాట మళ్ళీ మళ్ళీ కనిపించింది. ఫోన్ చేసిన అమ్మాయి అన్నీ ఉత్సాహంగా అడుగుతుంది. ఏ ఊరు, ఎప్పుడు చేరగలరు, జీతం ఎంత కావాలి. చివర్లో, "మొత్తం అనుభవం ఎన్నేళ్ళండీ?" అంటుంది. ఇరవై అయిదు అనగానే గొంతు మారిపోతుంది. "సరేనండీ, మళ్ళీ చేస్తాం." చేయరు.

ప్రకటనల్లో వయసు గురించి ఎక్కడా ఉండదు. "ఆరు నుంచి పదేళ్ళ అనుభవం" అని ఉంటుంది. ఆరుకి తక్కువ వద్దన్నారంటే అర్థం ఉంది. పదికి ఎక్కువ వద్దనడమేమిటి? ఇరవై రెండేళ్ళకి చదువు ముగిసిందనుకోండి, పదేళ్ళ అనుభవమంటే ముప్ఫై రెండు. ముప్ఫై అయిదు దాటినవాళ్ళు రానక్కర్లేదని చెప్పడానికి ఇదొక మర్యాదైన పద్ధతి, అంతే. ఆవకాయ కలపడానికి చేయి తిరిగిన మనిషి కావాలని వెతుక్కుంటాం గానీ, "పదిసార్లకి మించి కలిపినవాళ్ళు వద్దు" అని ఎవరైనా అంటామా?

స్నేహితులు తలో సలహా చెప్పారు. జుట్టుకి రంగు వేయించు, వీడియోలో బాగా కనిపిస్తావు. బయోడేటాలో మొదటి పదేళ్ళు తీసేయి. డిగ్రీ ఏ సంవత్సరమో రాయకు. రంగు వేయడానికి ఆయన ఒప్పుకున్నారు, నేనే వేశాను. సంవత్సరం తీసేసినా లాభం లేకపోయింది. కొన్ని దరఖాస్తుల్లో పుట్టినతేదీ నింపితే తప్ప ముందుకు పోదు. ఉద్యోగం ఇచ్చేముందు ఎలాగూ పదో తరగతి సర్టిఫికెట్ చూస్తారు. ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. ఆయన్ని బళ్ళో వేసేటప్పుడు అయిదేళ్ళు నిండలేదని మాస్టారు ఒక ఏడాది కలిపి రాసేశారట. ఆ ఊళ్ళో సగంమంది పిల్లల పుట్టినరోజులు అలా మాస్టారు పెట్టినవే. అసలు లెక్కన ఆయనకి నలభై ఎనిమిదే. కానీ ఏ కంపెనీకి పోయి చెప్పుకుంటాం, మా మాస్టారు తొందరపడ్డారండీ అని?

ఇంటర్వ్యూ దాకా వెళ్ళినవి తొమ్మిది. అడిగేవాళ్ళకి ఇరవై ఎనిమిది, ముప్ఫై ఏళ్ళుంటాయి. "మీకన్నా చిన్నవాడు మేనేజరైతే మీకు ఇబ్బందిగా ఉండదా?" అని అందరూ అడిగారు. ఉండదని ఈయన చెబితే నమ్మరు. నిజానికి ఇబ్బంది అవతలివాళ్ళకేనని నా అనుమానం. తండ్రి వయసున్న మనిషికి పని పురమాయించడం మన పిల్లలకి అలవాటు లేదు కదా. ఇంకొకచోట, "ఇన్నేళ్ళయినా మీరింకా ప్రోగ్రాములు రాయడమేమిటి, మేనేజరు ఎందుకు కాలేదు?" అన్నారు. ఆయనకి రాయడమే ఇష్టం. పోనీ మేనేజర్లయినవాళ్ళు సుఖంగా ఉన్నారా అంటే, మా పై ఫ్లాటాయన మేనేజరే. ఆయన్నేమో "మీరు చేత్తో పనిచేసి పదేళ్ళయింది, మాకు పనిచేసేవాళ్ళు కావాలి" అన్నారట. అటుపోతే నుయ్యి, ఇటుపోతే గొయ్యి.

జీతం తగ్గించుకుంటానన్నారు మావారు. అదీ తప్పే అయింది. "మంచిది దొరికితే వెళ్ళిపోతారు కదా. మీ అనుభవం ఈ పనికి చాలా ఎక్కువ" అన్నారు. అనుభవం ఎక్కువైపోవడమనే మాట నేను అప్పుడే మొదటిసారి విన్నాను.

ఇదంతా ఎందుకిలా ఉంటుందని ఆయన్ని అడిగితే నాకు అర్థమయ్యేట్టు చెప్పారు. పెళ్ళివంటలో ఒక పెద్ద వంటమేస్త్రి, కింద పదిమంది సహాయకులు ఉంటారు చూడండి. సర్వీసు కంపెనీల నడక చాలావరకు అంతే. ఎంతమంది ఎన్ని గంటలు పనిచేశారన్న లెక్కమీద విదేశీ కంపెనీల దగ్గర డబ్బు వసూలు చేసే పనులు వాటికి ఎక్కువ. కింద కొత్త పిల్లలు ఎంతమంది ఉంటే అంత లాభం. ఏటా కాలేజీల నుంచి కొత్తవాళ్ళని తీసుకుంటారు, పైన మాత్రం కుర్చీలు కొన్నే. ఒక పాతమనిషి జీతంతో కొత్తపిల్లలు నలుగురైదుగురు వస్తారు. దానికితోడు ఇప్పుడు ఏఐ కూడా ప్రోగ్రాములు రాస్తోంది. దాంతో కొత్తపిల్లలకీ కష్టమే అంటున్నారు. మా అమ్మాయి బి.టెక్. రెండో ఏడాది, అదీ కంప్యూటర్లే. మా ఇంట్లో రెండువైపులా గుబులే.

కొత్తవి నేర్చుకోకుండా కూర్చున్న పాతవాళ్ళు లేరా అంటే ఉన్నారు, అది నేను కాదనను. కానీ అది మనిషిని బట్టి చూడాలి గానీ ఏళ్ళని బట్టి కాదు గదా. జపానులో మసాకో వకమియా అని ఒకావిడ ఉన్నారు. బ్యాంకులో ఉద్యోగం చేసి రిటైరయ్యాక, ఇంట్లో తల్లిని చూసుకుంటూ కంప్యూటర్ కొనుక్కుని నేర్చుకున్నారు. 2017లో, ఎనభై ఒక్కేళ్ళ వయసులో, ఐఫోన్ ఆట ఒకటి తయారుచేశారు. మన బొమ్మలకొలువులాగే వాళ్ళకీ మార్చి 3న హినమత్సురి అని మెట్లమీద బొమ్మలు పేర్చే పండగ ఉంది. ఏ బొమ్మ ఏ మెట్టుమీద ఉండాలో అక్కడ పెట్టడమే ఆ ఆట. ఆపిల్ కంపెనీవాళ్ళు ఆవిణ్ణి అమెరికాలో జరిగిన తమ సభకి పిలిపించారు.

మావారు నేర్చుకున్న కోబాల్ సంగతీ వినండి. ఆ భాషకి పునాది వేసిన పని చేసినావిడ గ్రేస్ హాపర్, అమెరికా నౌకాదళంలో ఉండేవారు. రిటైరైన ఆవిణ్ణి 1967లో, అరవై ఏళ్ళప్పుడు, మళ్ళీ పనిలోకి పిలిచారు. చివరికి 1986లో డెబ్భై తొమ్మిదేళ్ళకి వదిలారు. 2020 ఏప్రిల్లో, కరోనా రోజుల్లో, అమెరికాలో న్యూజెర్సీ గవర్నరు కోబాల్ తెలిసినవాళ్ళు ఉంటే వచ్చి సాయపడమని బహిరంగంగా అడిగారు. నిరుద్యోగులకి భృతి ఇచ్చే అక్కడి కంప్యూటర్లు నలభై ఏళ్ళనాటివి, బాగుచేసేవాళ్ళు దొరకలేదు. అవసరం పడితే పాతచేతులు గుర్తొస్తాయన్నమాట.

చట్టం ఏమీ లేదా అని మా తోడికోడలు అడిగింది. అమెరికాలో ఉంది. 1967లోనే నలభై దాటినవాళ్ళని వయసు కారణంగా ఉద్యోగాల్లో తోసిపుచ్చకూడదని చట్టం చేశారు. అయినా అక్కడా ఈ గొడవ ఉంది. ఉద్యోగాలకి ప్రయత్నించిన నలభై దాటినవాళ్ళు రెండువందల మందికి పైగా వేసిన దావాలో గూగుల్ 2019లో కోటీ పది లక్షల డాలర్లకి రాజీకొచ్చింది, తప్పు మాత్రం ఒప్పుకోలేదు. మన రాజ్యాంగంలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అని ఉన్నాయి గానీ ఆ వరుసలో వయసు లేదు. ప్రైవేటు ఉద్యోగాల్లో వయసు వివక్ష కూడదని అమెరికాలో లాంటి చట్టం మనకి లేదు.

మా ఆడపడుచు భర్త ఆంధ్రాలో ప్రభుత్వ టీచరు, మావారి ఈడే. అక్కడ రిటైర్మెంటు వయసు 2022లో అరవై రెండు చేశారు, తెలంగాణలో 2021లో అరవై ఒకటి చేశారు. అంటే ఆయనకింకా పదమూడేళ్ళ సర్వీసుంది. అదే ఈడు మనిషి ఇక్కడ నలభై తొమ్మిదికే ముసలాడైపోయాడు. అదేం చోద్యమో!

ఈ గొడవలో పడ్డ ఇల్లాళ్ళ కోసం ఒకటి రెండు పనికొచ్చే మాటలు చెబుతాను. అన్నిటికన్నా ముందు ఆరోగ్య బీమా. కంపెనీ ఇచ్చిన పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది. ఇంట్లో బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు ఉంటే, ఆఖరి తేదీకి ముందే అడిగి అదే బీమా కంపెనీ దగ్గర సొంత పాలసీగా మార్పించుకోండి. గడిపిన ఏళ్ళు లెక్కలోకి వస్తాయి. అలా కాకుండా కొత్తగా తీసుకుంటే ఉన్న జబ్బులకి మూడేళ్ళ దాకా ఆగమనవచ్చు. మా అత్తగారి మోకాళ్ళ ఆపరేషన్ ముందుంది గనక నేను ముందు దీని వెంటపడ్డాను. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ తీసేశారు, అదొక ఊరట.

రెండోది పెన్షను. పీఎఫ్‌తోపాటు పెన్షన్ ఖాతా కూడా ఉంటుంది. పదేళ్ళ సర్వీసు నిండితే యాభై ఎనిమిదికి నెలనెలా వస్తుంది. యాభై నిండాక ముందే తీసుకోవచ్చు గానీ, ముందు తీసుకున్న ప్రతి ఏడాదికీ నాలుగు శాతం కోత పడుతుంది. పెద్ద మొత్తమేమీ రాదు, అయినా వదులుకోవద్దు. ఇంటి అప్పు వాయిదాల కోసం నేను ఆఖర్లో పాడదామనుకున్న చీటీ మధ్యలోనే పాడేశాను. కొంత పోయింది. వడ్డీకి తెచ్చుకోవడం కన్నా నయమనిపించింది.

చుట్టాల సంగతి వేరే చెప్పాలా! "అన్నయ్యగారు ఇంట్లోనే ఉంటున్నారేం?" అని మొదలుపెడతారు. కరోనా తర్వాత వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఒక మాట వచ్చింది గనక చాలా ఇళ్ళల్లో పరువు దానిమీదే నిలబడుతోంది. మేమలా చెప్పలేదు. ఉద్యోగం పోయింది, వెతుకుతున్నారు అని అందరికీ చెప్పాను. ఆయనకి మొదట కష్టంగా ఉండేది. ఇంటికొచ్చి మరీ జాలిపడేవాళ్ళుంటారు కదా. కానీ దాచితే ఫోన్ ఎవరు చేస్తారండీ? చివరికి కబురు అలాంటి ఒక పలకరింపులోంచే వచ్చింది. మా పిన్ని కొడుకు స్నేహితుడి చిన్న కంపెనీలో, ఒక బ్యాంకు పాత కోబాల్ ప్రోగ్రాముల్ని కొత్త భాషలోకి మార్చే పని ఉందట. కోబాల్ చదివి అర్థం చేసుకునేవాళ్ళు వాళ్ళకి దొరకడం లేదు.

ఆయన రెండు వారాలు పాత పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. రాత్రిళ్ళు భోజనాలయ్యాక అదే బల్లమీద మా అమ్మాయి తన కాలేజీ ప్రోగ్రాములు చేసుకునేది. "నాన్న తప్పు ఎక్కడుందో చూడకుండానే చెప్పేస్తున్నారమ్మా" అంది ఒకరోజు. అప్పుడు ఆయన మొహం చూసి చాలా రోజులైనట్టనిపించింది.

ఇంటర్వ్యూలో వయసు అడగలేదు. పోయిన సోమవారం చేరారు. ఆరు నెలల కాంట్రాక్టు, జీతం మునుపటిదాంట్లో సగానికి తక్కువే. మేనేజరుకి ముప్ఫై ఒక్కేళ్ళు, ఈయన్ని "సార్" అంటున్నాడట. ఆరు నెలల తర్వాత పొడిగిస్తారో లేదో చెప్పలేదు. నోట్‌బుక్కు వెనకవైపు ఇంకా పేజీలు మిగిలే ఉన్నాయి, ప్రస్తుతానికి అందులో అమ్మాయి ఫీజుల లెక్క రాసుకుంటున్నాను.