బండి కన్నా ముందు పటం

నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణాల్లో చెత్త గురించి మాట ఎత్తితే చర్చ బండ్ల లెక్క దగ్గరే ఆగిపోతుంది. ఎన్ని ఆటోలు తిరుగుతున్నాయి, ఎన్ని షెడ్డులో పడి ఉన్నాయి, కొత్తవి ఎప్పుడొస్తాయి అన్నదే అందరి ఆరా. ప్రభుత్వాల తీరూ అంతే. 2021 అక్టోబర్ 2న ‘క్లాప్’ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పేరుతో వేల చెత్త బండ్లకు విజయవాడలో జెండా ఊపారు. ఇంటింటికీ విధించిన చెత్త పన్ను జనాగ్రహానికి గురైంది. 2024 అక్టోబర్ 2న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆ పన్ను రద్దును ప్రకటించి, రాష్ట్రంలో పేరుకున్న 85 లక్షల టన్నుల పాత చెత్తను ఏడాదిలో తొలగిస్తామన్నారు. 2025 జనవరి 18న ఆళ్లగడ్డ పక్కనున్న మైదుకూరులోనే ‘స్వచ్ఛ ఆంధ్ర’కు శ్రీకారం చుట్టారు. పన్ను వచ్చింది, పోయింది. బండ్లు వచ్చాయి, పాతబడ్డాయి. ఏ బండి ఏ వీధిలో మొదలై, ఏ దారిన తిరిగి, నిండాక ఎక్కడ ఖాళీ కావాలన్న ప్రశ్న మాత్రం డ్రైవరు అలవాటుకే మిగిలిపోయింది. ఈ రెండు పురపాలక సంఘాలు కొత్తగా ఒక్క బండి కొనే ముందు చెత్త సేకరణ, రవాణాల పటం తయారు చేయాలి, దాన్ని కౌన్సిల్‌లో ఆమోదించాలి, జనం ముందు పెట్టాలి. అది లేకుండా పెట్టే ప్రతి రూపాయీ గుడ్డి ఖర్చే.

లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. 2011 జనగణన నాటికే నంద్యాల జనాభా రెండు లక్షలు. తలకు రోజుకు 300 గ్రాముల చెత్త అనుకున్నా 60 టన్నులు. ఒక ఆటో టిప్పర్ విడతకు 600 కిలోలు మోస్తుందనుకుంటే వంద ట్రిప్పులు కావాలి. డంపింగ్ యార్డు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉందనుకుందాం. ప్రతి ఆటో అక్కడిదాకా వెళ్లి రావాలంటే రోజుకు 1,600 కిలోమీటర్లు. అదే ఊళ్లోనే సగటున రెండు కిలోమీటర్ల దూరంలో ట్రాన్స్‌ఫర్ స్టేషన్లు ఉండి, అక్కడి నుంచి ఎనిమిది టన్నుల వాహనాలు చెత్తను యార్డుకు తీసుకెళ్తే, ఆటోలకు 400, పెద్ద వాహనాలకు 128 కిలోమీటర్లు చాలు. అంటే మూడో వంతు. ఏడాదికి తగ్గేది దాదాపు 3.9 లక్షల కిలోమీటర్లు. డీజిల్ సంగతి అలా ఉంచినా, యార్డుకు పోయి వచ్చే గంటలో ఆ ఆటో ఏ ఇంటి ముందూ ఉండదు. బండి రాలేదని సంచీ కాలువలో పడేది ఆ గంటలోనే. చెత్త పన్ను రద్దయ్యాక సేకరణ ఖర్చు పురపాలక సంఘాల సొంత ఖజానా మీదే పడుతుంది కనుక, వృథాగా తిరిగే కిలోమీటరును భరించే స్తోమత వాటికి అసలే లేదు.

దారుల ఎంపిక కూడా ఊహకు వదిలేసే వ్యవహారం కాదు. ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్ ప్రతి వీధినీ కనీసం ఒక్కసారి తిరిగి, అతి తక్కువ నడకతో ఆఫీసుకు ఎలా చేరాలన్న లెక్కను చైనా గణిత శాస్త్రవేత్త గువాన్ మెయ్‌గు 1960లో ముందుకు తెచ్చారు. చెత్త బండిది అచ్చంగా ఆ లెక్కే. 1970ల నాటికే న్యూయార్క్ చెత్త బండ్ల దారుల కోసం అక్కడి పరిశోధకులు కంప్యూటర్ పద్ధతులు రూపొందించారు. ఈనాడు అంతకన్నా శక్తిమంతమైన పరికరం ప్రతి వార్డు సచివాలయంలోనూ ఉంది. అయితే వీధుల గీతలు మాత్రమే ఉంటే అది చెత్త పటం కాదు. ఆటో పట్టని సందులు, తోపుడు బండి మాత్రమే వెళ్లే గొందులు, మార్కెట్లు, కల్యాణ మండపాలు, ఆసుపత్రులు, రోజుకు వంద కిలోలకు మించి చెత్త వచ్చే హోటళ్లు, కుండీ లేకపోయినా జనం చెత్త పోసే మూలలు అందులో కనిపించాలి. నంద్యాలలోని 42 వార్డులకు బండ్లను సమానంగా పంచితే న్యాయం జరిగినట్టు కాగితం మీద ఉంటుంది. సంతపేటలు, ఇరుకు వీధులున్న వార్డుకూ, విశాలమైన కాలనీకీ ఒకే బండి ఇవ్వడం న్యాయం కాదు.

పటం అవసరం ఇంకా గట్టిగా కనబడేది నీటి దగ్గర. నంద్యాలకు కుందూ నది వరం, భయం కూడా. 2019 సెప్టెంబర్ వరదల్లో పట్టణంలోకి నీళ్లు చేరాయి. కాలువల్లో అడ్డుపడే ప్లాస్టిక్ ముంపును పెంచుతుంది. కొట్టుకుపోయినది కుందూలో కలిసి, కమలాపురం దగ్గర పెన్నకు చేరుతుంది. చెత్తను పూడ్చే స్థలం నదికి 100 మీటర్లు, చెరువుకు, జాతీయ రహదారికి, నివాసాలకు, తాగునీటి బావులకు 200 మీటర్ల ఎడంలో ఉండాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెప్పాయి. ఈ దూరాలను మాటల్లో వాదించుకోలేం, పటం మీద గీసి చూడాల్సిందే. కుందూ, దాని ఉపవాగులు, జాతీయ రహదారి 40, చెరువులు, కొత్త కాలనీలు అన్నిటి చుట్టూ గీతలు గీశాక మిగిలే జాగా ఎంతో అప్పుడే తెలుస్తుంది. ఆ జాగా ఇళ్ల ప్లాట్లుగా మారక ముందే గుర్తించి కాపాడుకోవాలి.

ఆళ్లగడ్డకు నంద్యాల పద్ధతిని యథాతథంగా అంటగడితే నష్టం. 2011లో ముప్పై వేలకు చేరువగా ఉన్న ఆ ఊరి జనాభాకు తలకు 250 గ్రాములు వేసుకున్నా రోజుకు వచ్చేది ఏడెనిమిది టన్నులు. అందులో సగం దాకా తడి చెత్తే. దాన్ని లారీకెక్కించి నంద్యాల దాకా నలభై కిలోమీటర్లు తిప్పడమంటే నీళ్లను మోయించడమే. తడి చెత్తను అక్కడే ఎరువు చేసి చుట్టుపక్కల రైతులకు ఇవ్వాలి. ఆ ఎరువు నాణ్యత పరీక్షకు 1906 నుంచీ నంద్యాలలో ఉన్న వ్యవసాయ పరిశోధన కేంద్రం సాయం అడగవచ్చు. అమ్ముడయ్యే పొడి చెత్తను మాత్రం వారానికి ఒకటి రెండుసార్లు నంద్యాలకు చేర్చి, రెండు ఊళ్లదీ కలిపి అమ్మితే బేరం బలంగా ఉంటుంది. ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే చోట్ల మిగిలే రాతి ముక్కలు, పొడి ఇంటి చెత్తలో కలవకుండా వేరే దారి చూపాలి. దగ్గర్లోని అహోబిలం బ్రహ్మోత్సవాల రోజుల్లో రద్దీ పెరిగే వీధులకు వేరే పటం ఉండాలి.

దీనికి నిపుణులెక్కడ, డబ్బెక్కడ అని అధికారులు అడగవచ్చు. క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉచితం. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే ‘భువన్’ 2009 నుంచీ అందుబాటులో ఉంది. 2019 అక్టోబర్‌లో మొదలైన వార్డు సచివాలయాల్లో పారిశుద్ధ్యానికి ఒకరు, ప్లానింగ్‌కు ఒకరు కార్యదర్శులుగా ఉన్నారు. వారిద్దరూ కలిసి వార్డును నడిచి నమోదు చేస్తే పటంలో సగం పని పూర్తవుతుంది. సూర్యాపేట ఏ శాటిలైట్ పటాలూ లేకుండానే రెండు దశాబ్దాల కిందట కుండీలు లేని పట్టణంగా పేరు తెచ్చుకుంది కదా అన్న వాదనా వినిపిస్తుంది. నిజమే. ఊరంతా తెలిసిన అధికారి, గట్టి పట్టుదల ఉన్నచోట పటం లేకుండానూ పని జరుగుతుంది. కానీ అధికారి బదిలీ అయితే ఆ తెలివిడీ ఆయనతోనే బదిలీ అవుతుంది. పటం ఊళ్లోనే ఉంటుంది.

ట్రాన్స్‌ఫర్ స్టేషన్ మా వీధిలో వద్దని జనం అంటే తప్పుపట్టలేం. వాళ్లు చూసినవి రోజుల తరబడి కుళ్లిన కుప్పలు. అందుకే స్థలాన్ని ఎంచుకున్న కారణాలు పటంతో సహా ముందే ప్రకటించాలి. షెడ్డు కప్పుతో ఉండాలి, మురుగు నీరు కాలువలో కలవకూడదు, ఏ రోజు చెత్త ఆ రోజే కదలాలి. ఈ మాట తప్పితే మూసేయించే హక్కు వార్డు ప్రజలకు ఇవ్వాలి. కార్మికుల అనుమానమూ న్యాయమైనదే. జీపీఎస్ పెట్టి జీతం కోసే పనికే సాంకేతికతను వాడితే అది పథక రచన కాదు, నిఘా. 2023 డిసెంబర్‌లో రాష్ట్రమంతా సమ్మెకు దిగిన మున్సిపల్ కార్మికుల గోడు అధికారులకు తెలియంది కాదు. దారులు గీసేటప్పుడు మొదట కూర్చోబెట్టాల్సింది ఆ బండి తోసేవాళ్లనే. ఒకరికి కిలోమీటరు, ఇంకొకరికి నాలుగు కిలోమీటర్లు పడే అన్యాయాన్ని రుజువుతో చూపగలిగేది కూడా ఆ పటమే.

ఘన వ్యర్థాల నిర్వహణను రాజ్యాంగం 12వ షెడ్యూలు పురపాలక సంఘాల పనుల జాబితాలో చేర్చింది. కనుక పైనుంచి ఉత్తర్వు కోసం ఎదురుచూడనక్కర్లేదు. రెండు పురపాలక సంఘాలూ ఆరు నెలల గడువు పెట్టుకుని వార్డులవారీ పటాలు సిద్ధం చేయాలి; ప్రతి వీధికి బండి వచ్చే వేళను సచివాలయం గోడ మీద అతికించాలి; యార్డు, ట్రాన్స్‌ఫర్ స్టేషన్ల స్థలాలపై అభ్యంతరాలు విని కౌన్సిల్‌లో తీర్మానించాలి; ఏటా సవరించాలి. జిల్లా కలెక్టర్ రెండు పట్టణాల పటాలనూ కలిపి పొడి చెత్త రవాణా ఒప్పందం కుదర్చాలి. అప్పటిదాకా కొత్త వాహనాల కొనుగోలు ప్రతిపాదన కౌన్సిల్ ముందుకొస్తే, దానికి పటం జతచేశారా అని సభ్యులు అడగాలి. లేదంటే తిప్పి పంపాలి.