పాత ఎద్దు ప్రక్కన కొత్త ఎద్దు



జోడెడ్లలో ఒకటి చనిపోతే రైతుకు రెండూ లేనట్టే. మిగిలినది ఎంత మంచిదైనా ఒంటి ఎద్దుతో కాడి కదలదు. మా అమ్రాబాద్ ప్రాంతంలో దుక్కికి ట్రాక్టర్లు వచ్చి చాలా కాలమైనది. అయినా పత్తి సాళ్ళ మధ్య గుంటుక తోలాలంటే నేటికీ ఎడ్లు కావలసిందే. అదును దాటితే చేను గడ్డిపాలవుతుంది. అందుచేత రైతు అప్పో సప్పో చేసి అంగడికి పోయి ఒక ఎద్దును తెస్తాడు. ఆ రాత్రే పాత ఎద్దు ప్రక్కన, చనిపోయిన ఎద్దు గుంజకే కట్టేస్తాడు. తెల్లవారేసరికి ఒకదాని డొక్కలో కొమ్ము గాయం, లేదా ఒకదాని కన్ను పోయి ఉంటుంది. ఇటువంటి ఇండ్లను మేము ఊళ్ళు తిరిగేటప్పుడు చూస్తూనే ఉన్నాము. ఎద్దు చెడ్డదని, బేరగాడు మోసం చేశాడని అంటారు. చాలాసార్లు తప్పు ఎద్దుదీ కాదు, బేరగాడిదీ కాదు. ఆ తొందరదే.

మా ఎడ్లను పొడ తూర్పు ఎడ్లని పిలుస్తారు. ఒంటిమీద పొడలు, అనగా మచ్చలు, ఉంటాయి గనుక పొడ. పాత పాలమూరు జిల్లాకు తూర్పు దిక్కున ఉన్న మా కొండల నుండి వస్తాయి గనుక తూర్పు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో 2020లో దీనిని ప్రత్యేక జాతిగా నమోదు చేసింది. ఈ పశువులు నల్లమల అడవిలో మందలుగా మేసి పెరుగుతాయి. మందలో ప్రతి పశువుకూ ఒక వరుస ఉంటుంది: ఏది ముందు నీళ్ళు త్రాగాలి, ఏది ప్రక్కకు తొలగాలి అన్నది వాటికి తెలుసు. కొత్తది రాగానే ఆ వరుస చెదరిపోతుంది. తల తలకు ఆనించి నెట్టుకోవడం దానిని మళ్ళీ కుదుర్చుకోవడానికే. అది పగ కాదు. అయితే నెట్టుకోవడానికీ, ఓడినది వెనక్కి తగ్గడానికీ చోటు ఉండాలి. పగ్గంతో దగ్గర దగ్గరగా కట్టిన ఎద్దు వెనక్కి ఎక్కడికి పోతుంది? అందుకే పొడుచుకుంటాయి.

మరి ఏమి చేయాలి?

మొదటిది, దూరం. అంగడి నుండి వచ్చిన పశువు తనతో ఏ రోగం తెచ్చిందో చూచి చెప్పలేము. గాలికుంటు సోకిన పశువులో నోటి చొంగ, గిట్టల పుండ్లు బయటపడడానికి రెండు వారాల వరకు పట్టవచ్చును. లంపీ స్కిన్ అనే ముద్ద చర్మ వ్యాధి బయటపడడానికి నాలుగు వారాలు కూడా పట్టవచ్చును. ఆ వ్యాధి మన దేశంలో మొదట 2019లో ఒడిశాలో కనబడి, 2022లో అనేక రాష్ట్రాలలో పశువులను బలిగొన్నది. కనుక కొత్త ఎద్దును మూడు నాలుగు వారాలు వేరే చోట కట్టండి. కుడితి గోళెం వేరు, తొట్టి వేరు. ముందు పాతదానికి గాసం వేసి, తరువాత కొత్తదాని దగ్గరకు వెళ్ళండి. వచ్చి చేతులు కడుక్కోండి. టీకా సంగతి పశువైద్యుని అడిగి ఆ రోజులలోనే వేయించండి. ఉన్న ఒక్క ఎద్దునూ పోగొట్టుకోకుండా కాపాడేది ఈ దూరమే.

రెండవది, వాసన. పశువుకు ముఖం కంటె వాసన ముఖ్యం. ఎద్దు పై పెదవి ఎత్తి, మెడ చాచి గాలి పీల్చడం మీరు చూచే ఉంటారు. దాని అంగిలి పైన వాసనలను పసిగట్టే ప్రత్యేకమైన అవయవం ఒకటి ఉన్నది. రోగభయం తీరిన తరువాత రెండింటినీ ఒకదానికి ఒకటి కనబడేటట్లు, కొమ్ము అందనంత దూరంలో కట్టండి. దీని క్రింది చొప్ప దాని క్రింద, దాని క్రిందిది దీని క్రింద వేయండి. కొన్ని దినాలకు ఒకదాని వాసన ఇంకొకదానికి ఇంటి వాసనలో కలిసిపోతుంది.

మూడవది, ఎవరిదీ కాని నేల. మొదటిసారి కలపడం పాత ఎద్దు కొట్టంలో వద్దు. అది దాని ఇల్లు. బీడులోనో, పంట తీసిన చేనులోనో పగటిపూట మేతకు విడవండి. కాసేపు నెట్టుకుంటాయి. కర్ర పట్టుకొని మధ్యకు పోవద్దు, కేకలు వేయవద్దు. ఓడినది తొలగిపోయిన తరువాత కూడా గెలిచినది వెంటబడి డొక్కలో పొడుస్తుంటేనే విడదీయండి. ఇంటికి వచ్చిన తరువాత నీళ్ళు రెండు చోట్ల, గాసం రెండు చోట్ల పెట్టండి.

నాలుగవది, కాడి. పాత ఎద్దు దాపటిదా వలపటిదా అన్నది మరువవద్దు. దాని చోటు మార్చకండి. ఖాళీ అయిన వైపు అలవాటున్న ఎద్దునే అంగడిలో అడిగి తీసుకొనండి. ముందు ఉత్త కాడి, తరువాత చిన్న మొద్దు, ఆ తరువాత ఖాళీ బండి. చల్లని పూట అరగంట చాలును. ఒకటి బలహీనమైతే కాడి నడిమి కట్టును బలమైన ఎద్దు వైపు కొద్దిగా జరపండి. బరువు ఎక్కువ భాగం దానిమీదికి పోతుంది. ఎద్దును, గాడిదను జతచేసి దున్నవద్దని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఉన్నది. పండితులు దానికి ఎన్ని అర్థాలు చెప్పినా సేద్యగాడికి ఒకటి వెంటనే తెలుస్తుంది: సరికాని జోడులో మెడ పుండయ్యేది బలహీనమైన దానికే.

ఇదంతా పెద్ద పశువులకే అనుకోవద్దు. పట్నంలో ఉన్న మన పిల్లలు కొందరు తెల్ల ఎలుకలను పెంచుకుంటారు. ఎలుక కూడా గుంపులో బ్రతికే ప్రాణి. ఒంటరిగా ఉంటే దిగులుపడుతుంది. తోడు తేవడం మంచిదే గాని దానికీ ఇదే వరుస. రెండు వారాలు వేరే గదిలో ఉంచాలి. తరువాత పంజరాలు ప్రక్కప్రక్కన పెట్టి పరుపు గుడ్డలు మార్చాలి. మొదటిసారి కలిపేది పాతదాని పంజరంలో కాదు, రెండూ ఎరుగని శుభ్రమైన నేలమీద. కీచుమంటూ ఒకటి వెల్లకిలా పడితే భయపడవద్దు, అది ఒప్పుకోవడమే. వెంట్రుకలు నిక్కబొడుచుకొని, నెత్తురు వచ్చేటట్లు కొరికితే ఆపాలి. ఆడదానిని, మగదానిని కలిపితే మూడు వారాలకే పంజరం నిండా పిల్లలు ఉంటాయన్నది కూడా పిల్లలకు చెప్పండి.

ఎలుకల విషయంలో చికాగో విశ్వవిద్యాలయం వారు చేసిన ప్రయోగం ఒకటి మనం తెలుసుకోదగినది. ఇన్బాల్ బెన్-అమీ బార్టాల్, జీన్ డిసెటీ, పెగ్గీ మేసన్ అనువారు 2011లో దానిని ప్రకటించారు. ఒక ఎలుకను ఇరుకైన గొట్టంలో బంధించి, దానితో కలిసి ఉంటున్న ఎలుకను బయట విడిచారు. బయటిది కొన్ని దినాలలో తానే తలుపు తెరవడం నేర్చుకొని లోపలిదానిని విడిపించింది. ప్రక్కన మరొక గొట్టంలో చాక్లెట్ ముక్కలు పెట్టినప్పుడు రెండు తలుపులూ తీసి, తరచుగా కొన్ని ముక్కలు స్నేహితునికి మిగిల్చింది.

2014లో వారు మరొక ప్రశ్న వేశారు. బంధింపబడినది పరాయిదైతే? తన జాతి ఎలుక అయితే, ఎన్నడూ చూడనిదైనా, తెల్ల ఎలుక విడిపించింది. నల్ల మచ్చల జాతిది అయితే విడిపించలేదు. అయితే నల్ల మచ్చల ఎలుక ఒక్కదానితో రెండు వారాలు కలిసి ఉన్న తెల్ల ఎలుకలు, ఆ తరువాత ఆ జాతిలో ముక్కూ మొగమూ ఎరుగని వాటిని కూడా విడిపించాయి. ఇంకొక మాట కూడా వినండి. పుట్టినప్పటి నుండి నల్ల మచ్చల వాటి మధ్యనే పెరిగిన తెల్ల ఎలుకలు వాటిని విడిపించాయి గాని, తమ సొంత తెల్లజాతి వాటిని విడిపించలేదు. ఒంటి రంగు వాటికి బంధువులను చూపలేదు. ఎవరితో కలిసి బ్రతికాయో వారే వాటికి బంధువులు.

ఇందులో రైతుకు ఒక లాభమైన మాట ఉన్నది. అంగడికి పోకముందు మీ ఊరి మందలో వెదకండి. మీ ఎద్దుతో ఒకే బీడులో మేసిన ఎద్దు దొరికితే నాలుగు వందలు ఎక్కువైనా అదే చవక. సగం పరిచయం ముందే అయిపోయింది. అది కూడా దొరకక, అదును ముంచుకొస్తే, మీవలెనే ఒంటి ఎద్దు మిగిలిన పొరుగు రైతుతో పొత్తు కలిసి ఇద్దరి చేలూ గుంటుక తోలుకొనండి. కొత్త ఎద్దును కొనదలచినవారు ఎండాకాలంలోనే కొనండి. మృగశిర కార్తె నాటికి నెల రోజుల గడువు చేతిలో ఉంటుంది.

ఆ నెల రోజులలో ప్రతి ఉదయం గాసం ముందు పాతదానికే వేయండి. జోడును పోగొట్టుకొన్నది మీరొక్కరే కాదు, అది కూడా. కొట్టంలో తన చోటు తనకున్నదని తెలిసిన ఎద్దు, ప్రక్క చోటును ఇంకొకదానికి ఇవ్వడానికి అంతగా బెదరదు.

వచ్చే నెల పొదుగుతున్న కోడి క్రింద పరాయి గ్రుడ్లు పెట్టడం గురించి వ్రాస్తాము.