ప్రాణానికి రేటు కట్టిన చట్టం

యూరప్‌లో పాత జర్మన్ తెగల చట్టాలు దయగలవని కొందరు చదువుకున్న పెద్దలు చెప్తుంటారు. చంపినవాణ్ణి చంపకుండా సొమ్ము కట్టించుకుని వదిలేశాయట. పగలు చల్లారాయట. మేం అడుగుతున్నాం: ఎవరి ప్రాణానికి ఎంత? ఆ సొమ్ము ఎవరి చేతికి పోయింది?

ఆ సొమ్ము పేరు వెర్‌గిల్డ్. వెర్ అంటే మనిషి, గిల్డ్ అంటే చెల్లింపు. మన ఊళ్లలో 'తప్పు' కట్టించడం లాంటిదే. ఫ్రాంకుల రాజు క్లోవిస్ ఏలుబడిలో, 500 దాటిన కొత్తల్లో రాసిన సాలిక్ చట్టం చూడండి. స్వతంత్రుడైన ఫ్రాంకును చంపితే 200 సాలిడస్‌లు. రాజు అనుచరుణ్ణి చంపితే 600. భూమి ఉన్న రోమన్‌ను చంపితే 100. నెత్తురు ఒకటే, పుట్టుక మారితే ధర సగం!

ఇక బానిస సంగతి. బానిసను ఎత్తుకుపోయినా, గుర్రాన్ని ఎత్తుకుపోయినా ఒకే పద్దు, ఒకే జరిమానా. బానిసను చంపితే సొమ్ము యజమానికే. చచ్చినవాడి పెళ్లాంబిడ్డలకు చిల్లిగవ్వ రాదు. రెండు దెనారియస్‌ల దొంగతనానికి స్వతంత్రుడు 15 సాలిడస్‌లు కడతాడు. బానిసకైతే 120 కొరడా దెబ్బలు, లేదంటే 3 సాలిడస్‌లు. చేతిలో నాణెం లేనోడికి మిగిలేది వీపే కదా!

ఇంగ్లండ్‌లో కెంట్ రాజు ఏథెల్‌బర్ట్ 600 ప్రాంతంలో ఒళ్లంతా లెక్కగట్టాడు. కన్నుకు 50 షిల్లింగులు, చేతి బొటనవేలికి 20, ముందుపంటికి 6. ఆ దేశపు తర్వాతి చట్టాల్లో 1200 షిల్లింగుల దొర ఒక్కడి ప్రమాణం ఆరుగురు మామూలు రైతుల ప్రమాణానికి సాటి. నోటిమాటకూ రేటే!

లంబార్డుల రాజు రోథరి 643లో జరిమానాలు పెంచి, పగలు ఆగడానికే పెంచానన్నాడు. పగ ఆగితే మంచిదే, ఒప్పుకుంటాం. కానీ ఆగింది ఎవరి పగ? కత్తి పట్టే హక్కున్నోళ్ల పగ. బానిసకు పగబట్టే హక్కే లేదు, అందుకే వాడి తరఫున బేరమాడే దిక్కూ లేదు.

స్వతంత్రుడైనా బీదవాడైతే ఏమయ్యేది? సాలిక్ చట్టం ప్రకారం, హత్య సొమ్ము కట్టలేనివాడు ఇంటి నాలుగు మూలల మట్టి తీసి దగ్గరి చుట్టాల మీద చల్లాలి. భారం వాళ్లకు పోతుంది. వాళ్లూ కట్టలేక, సభలో ఎవరూ విడిపించకపోతే ప్రాణంతోనే చెల్లు. ఉన్నోడికి జరిమానా, లేనోడికి చావు. దీన్నా దయ అంటున్నారు?

ప్రాణాలకు తరగతులు పెట్టిన చట్టం ఎంత పాతదైనా, ఎంత దూరానిదైనా మేం దానికి దండం పెట్టం. ఈసారి ఎవరైనా పొగిడితే, ముందు బానిస పద్దు చదివి వినిపించమనండి!